నాలుగు వేళ్ళు కిందికి

టీమెన్‌కి ఒక్కటే జబ్బు. ఎవరింట్లోనైనా టీవీ ముందు పెట్టే పొడుగాటి స్పీకరు, అదే సౌండ్‌బార్, ఉండాల్సిన ఎత్తులో లేకపోతే అతనికి ఊపిరాడదు.

ఇల్లు తగలబడుతున్నా ముందు దాని ఎత్తు సరిచేసి, ఆ తర్వాతే నీళ్ళకోసం పరిగెడతాడని మా వీధిలో చెప్పుకునేవారు. ఇది కాస్త తగ్గించి చెప్పిన మాటే.

మాది హార్లింగెన్ అనే రేవు ఊరు. వీధి చివర సముద్రపు కట్ట. కట్టెక్కితే బురద, బురద తర్వాత బూడిదరంగు నీళ్ళు, నీళ్ళ తర్వాత అదే రంగు ఆకాశం. నవంబరులో సాయంత్రం అయిదు కాకముందే చీకటి. అయినా మేం పరదాలు వెయ్యం. మా దగ్గర దాచుకునేదేమీ లేదని వీధికి చెప్పుకోవడం మా తాతలనాటి పద్ధతి. దీపం పెట్టుకుని కూర్చుంటే మా సోఫా, మా పూలకుండీ, మా టీవీ, మా ముఖాలు అన్నీ దారినపోయేవాడికి కనబడతాయి. మర్యాదస్తులు చూడరు. టీమెన్ చూస్తాడు.

చూడడానికి అతనికొక అనుమతి ఉండేది. పిమ్ అనే ముసలి కుక్క. కుక్కను తిప్పేవాడు ఏ కిటికీ ముందు ఎంతసేపు ఆగినా ఎవరూ ఏమీ అడగరు. ఆ ఏడు వసంతంలో పిమ్ చచ్చిపోయింది. టీమెన్ మాత్రం ఖాళీ గొలుసు చేతికి చుట్టుకుని తిరగడం మానలేదు.

“కుక్కేదిరా?” అని ఒకరోజు ఎదురుపడి అడిగాను.

“ముందు పోయింది” అన్నాడు.

కాలవ మీద వంతెన ఎత్తి దించడం అతని ఉద్యోగం. పడవ తెరచాప కొయ్య ఎత్తెంత, వంతెన కింద చోటెంత, బతుకంతా అదే ఆలోచన. ఉద్యోగం అయిపోయాక ఎత్తడానికి వంతెన లేకుండా పోయింది. మా ఇళ్ళు దొరికాయి.

తలుపు తీయగానే తడి బూట్లు విప్పేస్తాడు. అంటే ఇప్పట్లో వెళ్ళడన్నమాట. జేబులో మడతపెట్టే కొయ్య కొలబద్ద ఉంటుంది, కానీ తీయడు. వేళ్ళతోనే కొలుస్తాడు. తర్వాత ఇంట్లో ఉన్న ప్రతి కుర్చీలోనూ కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. ఆ సమయంలో ఎవరేమడిగినా పలకడు. కుర్చీలో పిల్లి ఉంటే అది లేచేదాకా పక్కనే నిలబడతాడు. మా వైపు పుట్టినరోజంటే కుర్చీలన్నీ గుండ్రంగా వేసి, వచ్చినవాళ్ళందరూ ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకోవాలి. టీమెన్ ఒక్కొక్కరికీ చెప్పి, వాళ్ళని లేపి, ఆ కుర్చీలో కూర్చునేవాడు. కేకు ముక్క చేతులు మారుతూ అతని వెనకే గదంతా తిరిగేది. చివరికి తీర్పు వెలువడేది. రెండు వేళ్ళు కిందికి. లేదా, ఒక వేలు పైకి, బల్ల అంచుదాకా లాగు.

నోటరీ ఫైట్స్‌మా తన సౌండ్‌బార్‌ని టీవీకి పైన, దాదాపు చూరు దగ్గర బిగించుకున్నాడు. చూడ్డానికి చాలా అందంగా ఉండేది. టీమెన్ తలెత్తి చూసి, ఇంట్లో జిరాఫీ ఏదైనా ఉందా అని మర్యాదగా అడిగాడు. నోటరీ వెళ్ళిపొమ్మన్నాడు. టీమెన్ అప్పటికే వెనక్కి తిరిగి గోడకి వేళ్ళు ఆనించి కొలుస్తున్నాడు. వెనకనుంచి నోటరీ తిట్టిన తిట్లు వీధిలో ఉన్న నాకే వినబడ్డాయి. అతనిలో మాత్రం చలనం లేదు. ఈ ఊళ్ళో ఇంత నిబ్బరమైన మనిషి ఉన్నాడా అనుకున్నాను.

మా వీధి బౌకెని పాతిపెట్టిన రోజు మాత్రం అందరికీ కోపం వచ్చింది. శ్మశానం నుంచి వాళ్ళింటికి వచ్చి కాఫీ తాగుతున్నాం. టీమెన్ బౌకె కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. అందరం వద్దు వద్దు అనుకుంటూనే ఉన్నాం. కళ్ళు తెరిచి, “నాలుగు వేళ్ళు కిందికి” అన్నాడు.

బౌకె భార్య హిల్కె చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. “ఎందుకు?” అంది.

“బౌకె పొడుగు. ఇక మీద ఇందులో కూచునేది నువ్వు. నువ్వు పొట్టి.”

హిల్కెకి నవ్వొచ్చింది. నవ్వుతూ ఏడ్చింది. తర్వాత వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చింది. చావింట్లో స్క్రూలు తిప్పిన మనిషని టీమెన్‌కి చాలాకాలం చెడ్డపేరు.

ఇక నా సంగతి చెప్పాలి. నా పేరు ఔకె.

ఆ శరదృతువులో నాకు వినికిడి తగ్గింది. ఎవరికీ చెప్పలేదు. మా నాన్నకి చెవుడు వచ్చాక ఆయన గదిలో ఉన్నా లేనట్టే అందరూ మాట్లాడేవారు. ముసలాయనకి సూప్ పెట్టారా అని ఆయన ఎదుటే అడిగేవారు. ఆయన అందరి వంకా చూసి చిరునవ్వు నవ్వేవాడు. ఆ చిరునవ్వు నాకు వద్దు.

రెన్స్‌కె నా భార్య. చెత్త బయట పెట్టావా అని ఆమె అడిగితే, చేప నాకొద్దన్నాను. గాలి ఎక్కువగా ఉందంటే, తాళం నా దగ్గర లేదన్నాను. మొదట్లో నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. ఆ తర్వాత మాట్లాడడమే తగ్గించింది. నేను తనని పట్టించుకోవడం మానేశానని ఆమె అనుకుంది. అలా అనుకోనిచ్చాను. చెవుడని చెప్పుకోవడం కంటే అదే తేలికనిపించింది.

మాకు మిగిలింది శుక్రవారం. శుక్రవారం సాయంత్రం టీవీలో జర్మన్ భాషలో ఒక హత్యల ధారావాహిక వస్తుంది. ఏళ్ళ తరబడి కలిసి చూస్తున్నాం. అయిపోగానే రెన్స్‌కె కాఫీ కలిపి, ఆ పోలీసులు చేసిన తప్పులన్నీ నాతో చెబుతుంది. ఆమె తల్లి జర్మనీ మనిషి, కాబట్టి తెర కింద అనువాదంగా వచ్చే మా భాష అక్షరాలు ఆమెకి అక్కర్లేదు. రేవులో జర్మన్ పడవలవాళ్ళతో రోజూ వాదించేవాణ్ణి, నాకూ అక్కర్లేదని పెళ్ళికి ముందే గొప్పలు చెప్పుకున్నాను. నిజానికి ఆ అక్షరాలే నన్ను కాపాడుతున్నాయి. రెండు చెవులూ పని చెయ్యకపోయినా ఎవరు ఎవర్ని చంపారో నాకు తెలిసేది.

అక్టోబరులో ఒక పొరపాటు చేశాను. ఈ టీవీ గొణుగుతోందని అన్నాను. రెన్స్‌కె నా పుట్టినరోజుకి సౌండ్‌బార్ కొని తెచ్చింది. టీవీకి ముందు, అదే బల్ల మీద పెట్టింది. మంచి లావుపాటిది. తెర కింది అంచుని, అక్షరాలు వచ్చే ఆ ఒక్క చోటుని, కొలిచి కుట్టినట్టు కప్పేసింది.

“ఇప్పుడు బాగుందా?” అని అడిగింది.

బాగుందన్నాను. అక్షరాలు కనబడడం లేదని ఎలా చెప్పను?

ఆ శుక్రవారం ఒక గంటసేపు నోళ్ళు కదలడం చూశాను. వానలో కార్లు వెళ్ళాయి. ఒక ఆడమనిషి ఏడ్చింది. అయిపోయాక రెన్స్‌కె కాఫీ తెచ్చి, హంతకుడు ఎవరో ముందే కనిపెట్టావా అంది.

“పాస్టరు” అన్నాను. ధైర్యంగానే అన్నాను.

“చచ్చిపోయింది పాస్టరు కదా, ఔకె.”

కప్పు కింద పెట్టింది. చాలాసేపు నన్నే చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. వచ్చే నెల జ్వోలెలో చెల్లెలి దగ్గరికి వెళతానని, కొన్నాళ్ళు అక్కడే ఉంటానేమోనని మెల్లగా చెప్పింది. ఆమె నాకు ఎదురుగా ఉంది కాబట్టి ఆ మాట మాత్రం పూర్తిగా అర్థమైంది.

వారం తిరక్కుండా మా కిటికీ ముందు ఒక గొలుసు ఆగింది.

బెల్లు మోగితే రెన్స్‌కె వెళ్ళి తలుపు తీసింది. నాకు బెల్లు వినబడలేదు, తడి బూట్లు చూశాకే తెలిసింది. టీమెన్ సోఫాలో కూర్చున్నాడు. రెన్స్‌కె కుర్చీలో కూర్చున్నాడు. నన్ను లేపి నా కుర్చీలో చాలాసేపు కూర్చున్నాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. అక్కణ్ణుంచి తెరని చూశాడు. తెరకి అడ్డంగా ఉన్న సౌండ్‌బార్‌ని చూశాడు. రెన్స్‌కె కుర్చీ నా కుర్చీకి పక్కన, కాస్త వెనగ్గా ఉండడం చూశాడు.

“నాలుగు వేళ్ళు కిందికి” అన్నాడు.

“బల్లని కోస్తావా ఏం?” అంది రెన్స్‌కె. “నా పెళ్ళికి అమ్మ ఇచ్చిన బల్ల అది.”

కోయనన్నాడు. మర్నాడు బల్లకంటే నాలుగు వేళ్ళు పొట్టిగా ఉన్న బెంచీతో వచ్చాడు. పాత వంతెన చెక్కతో తానే చేశాడట. దాన్ని బల్ల ముందు వేసి, సౌండ్‌బార్‌ని దాని మీద అంచుదాకా లాగి పెట్టాడు. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని రెన్స్‌కెకి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఈ గదిలో తివాచీ మందంగా ఉందట. కిటికీ పెద్దదట. మాట నేరుగా వెళ్ళకుండా పక్కకి జారిపోతోందట. టీవీ మాట సరే, మనిషి మాట కూడా జారుతుందట. అందుకని ఆమె కుర్చీని ఇటు తిప్పి, తెరకి అడ్డం రాకుండా నా కుర్చీకి ఎదురుగా వేయాలట. వెనకనుంచి మాట్లాడితే ఈ గదిలో ఎవరికీ వినబడదట.

“ఎవరికీనా?”

“ఎవరికీ. ఆయన తప్పు కాదమ్మాయ్. గది తప్పు.”

అంత శాస్త్రం అంత గంభీరంగా చెప్పినవాణ్ణి నేను చూడలేదు. అందులో సగం అబద్ధమని నాకు కూడా తెలుస్తూనే ఉంది. రెన్స్‌కె అతని వంక చూసింది, నా వంక చూసింది. కుర్చీ ఒక కొస తను పట్టుకుంది.

శుక్రవారం వచ్చింది. తెర కింద అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చి నిలబడ్డాయి, చాన్నాళ్ళకి ఊరొచ్చిన చుట్టాల్లా. కాఫీ వచ్చాక, హంతకుడు బేకరీవాడని, అతనికి ఎడమచేతి వాటమని, ఆ సంగతి పోలీసులకి మొదటి పావుగంటలోనే తట్టి ఉండాల్సిందని చెప్పాను. రెన్స్‌కె వాదించింది. ఎదురుగా కూర్చుని, చేతులు ఊపుతూ, కాఫీ చల్లారిపోయేదాకా వాదించింది.

జ్వోలె వెళ్ళింది కూడా. రెండు రాత్రులుండి తిరిగొచ్చింది. చెల్లెలింట్లో ఉండలేకపోయిందట. ఎందుకని అడిగితే, కోటు కూడా విప్పకుండా చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి నిలబడి, “అక్కడ సౌండ్‌బార్ ఎత్తు తప్పు” అంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆమె నా వెనకనుంచి మాట్లాడలేదు. నా చెవుల గురించి ఒక్క మాటా అనలేదు. తివాచీ మాత్రం మార్చలేదు.

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం నేను ఒంటరిగా నడుస్తూ, మొదటిసారి మర్యాద తప్పి కిటికీల్లోకి చూశాను. నోటరీ సౌండ్‌బార్ చూరు దిగి కిందికొచ్చింది. సోఫా పక్కన ఉండాల్సిన అతని భార్య కుర్చీ అతనికి ఎదురుగా ఉంది. హిల్కె ఇంట్లో, ఆ తర్వాతి ఇంట్లో, మూలమీది ఇంట్లో, ఎక్కడ చూసినా తెర కింది అంచు ఖాళీగా ఉంది, కుర్చీలు ఒకదాని ముఖం ఒకటి చూస్తున్నాయి. మా వీధిలో ఇంతమందిమి ఉన్నామా అనుకున్నాను. అందరి ఇళ్ళలోనూ గదిదే తప్పు.

కట్ట మీద టీమెన్ కనబడ్డాడు. ముందు నడుస్తున్నాడు, గొలుసు గాలికి ఊగుతోంది. వెనకనుంచి పిలిచాను. తిరగలేదు. గట్టిగా పిలిచాను. గడ్డి మేస్తున్న గొర్రెలు తలలెత్తి చూశాయి. టీమెన్ తిరగలేదు.

నోటరీ తిట్లు గుర్తొచ్చాయి.

పరుగున వెళ్ళి ముందు నిలబడ్డాను. చలికి మఫ్లరు ముక్కుదాకా చుట్టుకుని ఉన్నాను. నా సంగతి నీకెలా తెలిసిందిరా అని అడిగాను.

టీమెన్ నా కళ్ళకేసి చూశాడు. తర్వాత మఫ్లరుకేసి చూశాడు. చెయ్యి చాచి వేళ్ళు ఆనించి కొలిచాడు.

“నాలుగు వేళ్ళు కిందికి” అన్నాడు.

దించాను. మళ్ళీ అడిగాను.

“వీధిలోంచి చూశాను. రెన్స్‌కె మాట్లాడుతుంటే నువ్వు ఆవిడ నోరే చూస్తున్నావు” అన్నాడు. “ముప్పై ఏళ్ళ కాపురం అయ్యాక ఏ మగాడూ పెళ్ళాం నోరు అంత శ్రద్ధగా చూడడురా.”

చీకటి పడేలోగా ఊళ్ళోకి బయల్దేరాం. చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఒకరి నోరు ఒకరికి కనబడాలంటే మామూలుగా నడిస్తే కుదరదు. ఇద్దరం ఎదురెదురుగా తిరిగి, ఎండ్రకాయల్లా పక్కకి నడుచుకుంటూ కట్ట పొడుగునా వచ్చాం. గొర్రెలు మేత మానేసి, మేం కనబడినంతసేపూ చూశాయి.