రేపల్లెలో నేను కోసేసిన మాట

రేపల్లెలో మరియమ్మక్క మాటను సగంలో కోసింది నేనే. యంత్రం పాడైందని నాలుగేళ్ళ క్రితం అందరికీ చెప్పాను. అది అబద్ధం.

అప్పట్లో మేం కొందరం కలిసి ఆమె వీధి మలుపులో ఒక మాట పెట్టె బిగించాం. బొత్తాం నొక్కి ఎవరైనా మాట్లాడవచ్చు. సాయంత్రం ఆరింటికి ఆ మాటలు మైకులో వీధంతా వినిపిస్తాయి. మనిషికి ఒక్క నిమిషం. దాటితే కోయడం నా పని. మరియమ్మక్కది చర్చిలో సాక్ష్యం చెప్పే అలవాటు. పేరుపేరునా వందనాలు చెప్పాక, "మా వీధి ఆడాళ్ళు కుళాయి దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకుంటారు" అంది. "నీళ్ళు అరగంటే వదిలితే ఎవరైనా అంతే, తప్పు మాది కాదు" అన్నది ఆ తర్వాత. నిమిషం మొదటి మాటకే అయిపోయింది. మిగతాది వినకుండానే కోశాను. ఆ రోజు నుంచి వీధి ఆమెతో మాట్లాడటం మానేసింది.

మొన్న శనివారం ఉదయం ఏడింటికి బాపట్లలో రైలెక్కాను. ఎనిమిది దాటాక తెనాలి. స్టేషను బయట ఇడ్లీ, టీ. రేపల్లె బండికి కాస్త ముందే వెళ్ళండి, కిటికీ పక్కన చోటు దొరుకుతుంది.

జంపనిలో ఎక్కిన ఒకావిడ నా చేతిలోని మిఠాయి పొట్లం చూసింది.

"చుట్టాలింటికా అన్నయ్యా?"

"కాదమ్మా. ఒకావిడ దగ్గర తప్పు ఒప్పుకోవాలి."

"స్వీటుతో పోయే తప్పయితే ఫోన్లోనే చెప్పేవాడివిగా" అని నవ్వింది.

పదిన్నరకు రేపల్లెలో దిగి నడిచాను. మరియమ్మక్క గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. జరిగింది చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"ఇన్నాళ్ళూ ఆ మిషన్ని తిట్టుకున్నాను తమ్ముడూ."

"తప్పయిపోయిందక్కా."

"నాకు చెప్తే ఏం లాభం? నేనేమన్నానో నాకు తెలుసు. తెలియంది వాళ్ళకి" అని వీధి వైపు చూపించింది. పొట్లం ముట్టుకోలేదు.

పెట్టె ఇంకా పనిచేస్తోంది. కోయడానికి పెట్టెలోంచి దింపుకున్న ఆమె పూర్తి మాట నా పాత ఫోనులో ఉంది. ఆరింటికి, కుళాయి దగ్గర బిందెలు బారులు తీరిన వేళ, వందనాలతో సహా మొత్తం వినిపించాను. ఎదురింటి ముసలమ్మ బిందె కింద పెట్టి, "ఇదా అన్నది? మరి మేమేం విన్నాం?" అంది.

అప్పుడు నేను మైకు తీసుకున్నాను.

ఇదంతా తిరుగు రైల్లో రాస్తున్నాను. రేపల్లె వెళ్ళడం సులువే, తెనాలి నుంచి గంటన్నర కూడా పట్టదు. నాకు మాత్రం నాలుగేళ్ళు పట్టింది. మీ వీధిలో ఇలాంటి పెట్టె పెట్టుకుంటే, ఎవరి మాటైనా కోసే ముందు ఆ మనిషిని అడగండి. మైకులో నేనన్నది ఇంతే:

"మరియమ్మక్క మీ పరువు తీయలేదండి. మీ తరఫునే మాట్లాడింది. కోసింది నేను, అబద్ధం చెప్పిందీ నేనే. అక్కా, నన్ను క్షమించండి."