సంచి మీది రాత

ఆ సంచి గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఒమాన్‌లో సలాలా నుంచి మస్కట్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న జగిత్యాల మనిషి దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. రక్తపు మరకలు కరిగించే ఎంజైమ్ పొడిని మా ఫ్యాక్టరీ అలాంటి సంచుల్లోనే పంపుతుంది. అందులో తన చొక్కాలు కుక్కుకున్నాడు.

ఎక్కడిదని అడిగాను.

"హాస్పిటల్ బట్టలుతికే లాండ్రీల పని సార్. సంచి గూడ ఆడిదే. వేలిముద్ర పడ్తలేదని బతాకా, ఈడ ఉండనిచ్చే కార్డు, ఆపిండ్రు," అంటూ చేతులు చాపాడు. వేళ్ల కొసలు ఎర్రగా, నున్నగా అరిగిపోయాయి.

"ఆ పొడిలో ఉత్త చేతులు పెడతారా ఎవరైనా? గ్లౌజులు వేసుకోవాలని తెలీదా?" అని కసిరాను.

"ఎవలు చెప్పిండ్రు సార్?"

సంచి మీద ఇంగ్లీషులోనూ అరబీలోనూ ఉన్న ఎర్రక్షరాలు చూపించి, తెలుగులో చెప్పాను. చర్మానికి తగలనివ్వకండి. గ్లౌజులు తప్పనిసరి.

అతను శ్రద్ధగా విన్నాడు. "అయితే సంచికి చెప్పిండ్రు సార్. మాకు చెప్పలే," అన్నాడు.

ఆ రెండు ముక్కలూ రాసి, ఇవి చాలని సంతకం పెట్టిన ఇంజనీరును నేనే. మస్కట్ వచ్చేదాకా ఆ మాట నా నోటికి రాలేదు.