భద్రమ్మ పిలిచిన ఆదివారం

ధర్మవరం పట్టుచీరల వీధిలో వీరప్పశెట్టి కొట్టు పెద్దది. ఆ కొట్లో చీరలు విప్పి చూపించే గుమాస్తా ఎర్రిస్వామి. పుట్టింది నేతపని ఇంట్లోనే. కానీ చేతులకన్నా నోరు చురుకని గమనించి, మీసాలు కూడా సరిగా రాని వయసులోనే శెట్టి అతన్ని మగ్గం గుంటలోంచి లేపి కొట్లో పరుపుమీద కూర్చోబెట్టాడు. తెలుగు బేరమైనా కన్నడ బేరమైనా ఎర్రిస్వామి ముందు కూర్చున్న గిరాకీ ఉత్తచేతుల్తో లేచేది కాదు.

డెబ్బై ఎనిమిదిలో వచ్చింది చిక్కు. ఆ ఏడు బెంగళూరు నుంచి కార్లలో తెల్లవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఒక రోజు ఒకామె జరీ అంచు చీర ఒడిలో పెట్టుకుని, ముచ్చటగా నిమిరి, ఎర్రిస్వామిని ఏదో అడిగింది. అతను నవ్వి తల ఊపాడు. ఆమె మొహం చిన్నబుచ్చుకుని, చీర పక్కన పెట్టి వెళ్లిపోయింది. 'ఇది ఇంకెవరికైనా అమ్మేశారా?' అని ఆమె అడిగిందని, బయట నిలబడ్డ కారు డ్రైవరు చెబితే తెలిసింది. శెట్టి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

మరుసటి వారం నుంచి కొట్టు తెరవక ముందే కరీం సాబ్ రావడం మొదలైంది. కరీం సాబ్ రైల్వేజంక్షన్‌లో టిక్కెట్లిచ్చే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు దొరల కాలంలో నేర్చిన భాష ఇంకా ఆయన నాలుకమీదే ఉంది.

"ఏమప్పా ఎర్రిస్వామీ, ఇంగ్లీషంటే ఏం పులి కాదు. నీకు మూడు సంగతులు వస్తే చాలు. సరుకు చూపేది, వాళ్లకేం ఇష్టమో అడిగేది, మళ్లా రమ్మని పిలిచేది. ఇంట్లో ఎవరినన్నా ఎదురుగా కూర్చోబెట్టుకో. ఒక్కనివే గొణిగితే నోరు తిరగదు."

ఇంట్లో ఎదురుగా కూర్చోవడానికి ఉన్నది ఇద్దరే. తల్లి హనుమంతమ్మ, పెళ్లాం భద్రమ్మ.

భద్రమ్మది కంబదూరు. పెళ్లై ఆరేళ్లయినా పిల్లలు లేరు. రోజంతా పంచలో రాట్నం ముందు కూర్చుని మగ్గానికి పట్టునూలు కండెలు చుట్టేది. మొగుడూ పెళ్లాల మధ్య పగటిపూట మాటలంటే, 'బువ్వ పెట్టు', 'నీళ్లు తోడు' అన్నవే. అందరు ఆడవాళ్లలాగే ఆమె కూడా మొగుడి పేరు నోటివెంట రానిచ్చేది కాదు. పిలవాల్సి వస్తే 'ఇదో' అనేది. వాళ్ల మధ్య కోపాలు లేవు. ఏం మాట్లాడుకోవాలో తెలియదు, అంతే.

ఆ సాయంత్రం అతను గోడకేసి చూస్తూ గొణుక్కుంటుంటే రాట్నం ఆపింది.

"ఏమైంది నీకు? ఎవర్ని తిట్టుకుంటాండావు?"

"తిట్లు కాదు, పాఠం. గిరాకీ మాదిరి ఎవరన్నా ఎదురుగా కూర్చోవాలంట."

"నేను కూర్చుంటా. ఏమనాల?"

"వస్తూనే గుడ్ మార్నింగ్ అనాల. ఆ తర్వాత మిస్టర్ అని నా పేరు."

భద్రమ్మ చప్పున వంటింటి వైపు చూసింది. అత్త పొయ్యి ఊదుతోంది. "పేరెట్ల చెప్పేది? తప్పు గదా."

"ఇంగ్లీషులో తప్పు లేదంట."

"ఎవరు చెప్పినారు?"

"నేనే చెప్తాండా."

ఆమె గొంతు తగ్గించి, "గుడ్ మార్నింగ్, మిస్టర్ ఎర్రిస్వామి" అంది. అనగానే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎర్రిస్వామి చెవులు ఎర్రబడ్డాయి. తన పేరు ఇంత బాగుంటుందని అతనికి అంతవరకు తెలియదు.

అప్పటినుంచి రోజూ పాఠమే. భద్రమ్మ బడికి పోయింది రెండేళ్లే. అయినా విన్నమాట పోగొట్టుకునేది కాదు. కండెల బుట్ట చూపించి 'హౌ మచ్?' అని అడిగేది, అతను ఏది చెప్పినా 'టూ మచ్' అని మూతి తిప్పి బేరమాడేది. సంగటి ముద్ద పెడుతూ 'డూ యూ లైక్ దిస్?' అనేది. ఒకసారి అతను రంగుల పాఠం చెబుతూ, నీకే రంగు ఇష్టమని ఇంగ్లీషులో అడిగాడు. ఆమె వంకాయరంగు అంది. ఎర్రిస్వామి గతుక్కుమన్నాడు. ఆరేళ్లుగా ప్రతి ఉగాదికీ అతను తెచ్చింది మిరపపండు రంగు.

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడన్నా అడిగితివా?"

తర్వాతి పాఠం వినోదాలది. సినిమా ఇష్టమా, నాటకం ఇష్టమా, సంగీతం ఇష్టమా అని అడిగి, వచ్చిన జవాబు పట్టుకుని మాట పెంచాలి. భద్రమ్మ ఏమాత్రం తడుముకోకుండా, "ఐ లైక్ తోలుబొమ్మలాట" అంది. వానలు పడని ఏళ్లలో కంబదూరులో ఊరంతా కలిసి బొమ్మలాట ఆడించేవాళ్లట. దీపం వెలుగులో ఆ రంగులు చూస్తూ తాను రెప్ప వాల్చేది కాదట. ఇదంతా చెప్పడానికి ఇంగ్లీషు చాలక తెలుగులోకి దిగింది. ఎర్రిస్వామి పాఠం మర్చిపోయి విన్నాడు. తోలుబొమ్మలాటను ఇంగ్లీషులో ఏమంటారని మర్నాడు అడిగితే కరీం సాబ్ గడ్డం గోక్కుని, "అది వాళ్లకు లేదప్పా. అట్లే చెప్పు" అన్నాడు.

కడపటిది పిలుపుల పాఠం. ఆదివారం మా ఇంటికి రండి అని ఒకరనాలి. సంతోషంగా వస్తాను అని ఇంకొకరనాలి. వచ్చినవాళ్లకు కాఫీ ఇవ్వాలి.

"ప్లీజ్ కమ్ టు మై హౌస్ ఆన్ సండే" అంది భద్రమ్మ.

"ఉండే ఇంటికే పిలుస్తాండావా?"

"మా అమ్మోళ్లింటికి. నువ్వు చుట్టం మాదిరి రావాల. నేను కాఫీ ఇయ్యాల."

"మీ ఇంట్లో కాఫీ యాడుండాది?"

"నువ్వొస్తావంటే తెప్పిస్తా."

"విత్ ప్లెజర్" అన్నాడతను.

వంటింట్లోంచి హనుమంతమ్మ, "ఆలుమొగుళ్లిద్దరికీ ఏదో సోకింది" అని విసుక్కునేది కానీ, ఆ ఇంట్లో నవ్వు వినబడడం ఆమెకూ బాగానే ఉండేది.

రెండేళ్లు అట్లా గడిచాయి. ఎనభైలో ఎండలు మండిపోయాయి. బావులు ఎండి, దొరికిన నీళ్లే తాగాల్సి వచ్చింది. వీధిలో చాలామందికి కామెర్లు సోకాయి. భద్రమ్మ కళ్లు పచ్చబడ్డాయి, అన్నం సయించలేదు. డాక్టరు మాత్రలిచ్చి పథ్యం చెప్పాడు. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. కూతుర్ని చూడ్డానికి వచ్చిన తల్లి, కంబదూరులో కామెర్లకు ఆకుమందు ఇచ్చే మనిషి ఉన్నాడని, తీసుకుపోతానని పట్టుబట్టింది. ఎర్రిస్వామి కాదనలేకపోయాడు.

బస్టాండులో అతను ఆమెను పొదివి పట్టుకుని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాడు. దిగి కిందికొచ్చి కిటికీ కింద నిలబడ్డాడు. బస్సు నిండా జనం. ఆమె కిటికీ ఊచల మీద చెయ్యి పెట్టి, నీరసంగా, కానీ ప్రతి మాటా విడివిడిగా, "మిస్టర్ ఎర్రిస్వామీ, ప్లీజ్ కమ్ టు మై హౌస్ ఆన్ సండే" అంది.

పక్క సీటువాళ్లు తిరిగి చూశారు. కండక్టరు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఎర్రిస్వామి ఊచల మీది ఆ చేతిని పట్టుకున్నాడు.

"విత్ ప్లెజర్. వస్తా. తప్పకుండా వస్తా."

శనివారం సాయంత్రం శెట్టి అతన్ని పక్కకు పిలిచాడు. మర్నాడు బెంగళూరు నుంచి బస్సు నిండా విదేశీయులు వస్తున్నారట. "నీకు తప్ప ఇంకెవరికీ ఇంగ్లీషు రాదు గదప్పా. ఒక్క పూట. సోమవారం పొద్దున్నే పో, ఎన్ని రోజులైనా ఉండి రా."

ఎర్రిస్వామి ఒప్పుకున్నాడు. ఒక్క రోజులో ఏమవుతుందిలే అనుకున్నాడు.

ఆదివారం కొట్టు కిటకిటలాడింది. నేర్చుకున్న మాటలన్నీ అలవోకగా వచ్చాయి. ఒక ముసలామె తన చెల్లెలికి ఏ రంగు తీసుకోవాలో తెలియడం లేదంటే, వంకాయరంగు చీర విప్పి, నా భార్యకు ఇదంటే ఇష్టమని చెప్పాడు. ఆమె, నీ భార్య అందంగా ఉంటుందా అని అడిగింది. ఎస్ అన్నాడు. శెట్టి సంతోషం పట్టలేక అందరికీ సోడాలు తెప్పించాడు.

సోమవారం తొలి బస్సుకు బయల్దేరి, అనంతపురంలో మారి, కళ్యాణదుర్గంలో మారి కంబదూరులో దిగేసరికి ఎండ ముదిరింది. బస్సు ఆగే చోట భద్రమ్మ తమ్ముడు లింగప్ప నిలబడి ఉన్నాడు. తలమీద తడిగుడ్డ. బావను చూసి ఎదురు రాలేదు.

"లింగప్పా, అక్కకెట్లుండాది?"

"నిన్న పొద్దు గుంకేటప్పుడు పోయింది బావా. నీకు చెప్పనీకి తెల్లారుజామునే మనిషిని పంపినాము. దోవలో దాటిపోయింటాడు."

ఎర్రిస్వామి రోడ్డుమీదే కూలబడ్డాడు. లింగప్ప రెక్క పట్టి లేపాడు. నడుస్తూ, ఆపుకోలేక అన్నాడు. "ఆదివారం వస్తానని చెప్పినావంట గదా. పొద్దున్నుంచి వాకిలి దిక్కే చూస్తాండె."

వాకిట్లో చాపమీద పడుకోబెట్టారు. పసుపు పూయకుండానే మొహం పసుపుగా ఉంది. జడ నున్నగా వేసి ఉంది. తల్లి ఏడుస్తూ చెప్పింది. "తల దువ్వమని, జడెయ్యమని సతాయించె నాయనా. మంచి చీర కట్టమనె. మా ఆయన చుట్టం మాదిరి వస్తాడు, కాఫీ ఇయ్యాల అని లింగప్పను కళ్యాణదుర్గానికి పంపి కాఫీ పొడి తెప్పిచ్చె. ఈ ఇంట్లో కాఫీ ఎప్పుడు తాగినాము? సాయంత్రం దాకా పాలు తోడెయ్యనీలేదు."

ఎర్రిస్వామి ఆమె తల దగ్గర కూర్చున్నాడు. ఏడవలేదు. చెవి దగ్గర వంగి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో ఎవరికీ వినబడలేదు. లింగప్పకు మాత్రం తెలుగు కాదనిపించింది.

దినాలు కాగానే ధర్మవరం వచ్చి, కొట్టు పని మానేస్తున్నానని శెట్టికి చెప్పాడు. శెట్టి బతిమాలాడు, జీతం పెంచుతానన్నాడు. నిన్ను ఆరోజు ఆపింది నేనే గదప్పా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఉంటానన్నది నేను సామీ" అన్నాడు ఎర్రిస్వామి. కరీం సాబ్ ఇంటికొచ్చి పక్కన కూర్చున్నాడు. పొద్దు గుంకాక లేచి వెళ్లాడు. ఎర్రిస్వామి మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు.

మూడేళ్ల తర్వాత తల్లి పోరు పడలేక, కణేకల్ పిల్ల ఆంజినమ్మను చేసుకున్నాడు. ఆంజినమ్మ మంచిది, పనిమంతురాలు. మొగుడు ఇంగ్లీషు మాట్లాడతాడని ఇరుగుపొరుగువాళ్లు చెబితే మురిసిపోయింది. ఒకరోజు కండెలు చుడుతూ, "నాకూ రెండు మాటలు నేర్పరాదా?" అని అడిగింది.

మగ్గం ఆగిపోయింది. ఎర్రిస్వామి లేచి చెప్పులేసుకుని బయటికి పోయాడు. దీపాలు పెట్టిన తర్వాత గానీ రాలేదు. తానేం తప్పు మాట్లాడిందో తెలియక ఆంజినమ్మ ఏడుస్తుంటే, హనుమంతమ్మ జరిగిందంతా చెప్పింది. అంతా విని ఆంజినమ్మ, "ఈ సంగతి నాకు ముందే చెప్పింటే ఏమయ్యేది అత్తా?" అంది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఏటా భద్రమ్మ పోయిన తిథికి ఎర్రిస్వామి ఒక్కడే కంబదూరు పోయి వచ్చేవాడు. ఎనభై ఆరులో ఆంజినమ్మ తానూ వస్తానంది. వద్దనలేదు. చంకలో ఏడాది పిల్లతో వచ్చిన ఆమెను చూసి భద్రమ్మ తల్లి వాకిట్లోకి ఎదురొచ్చింది, పిల్లను ఎత్తుకుంది. ఆడవాళ్లిద్దరూ లోపల కూర్చుని ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎర్రిస్వామి, లింగప్ప బయట అరుగుమీద వేరుశనగ పంట సంగతులు మాట్లాడుకున్నారు.

తిరుగు ప్రయాణంలో కళ్యాణదుర్గం దాటాక బస్సు చెడిపోయింది. జనమంతా దిగి తుమ్మచెట్ల నీడలు వెతుక్కున్నారు. ఆంజినమ్మ పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, మొగుడి వైపు చూడకుండా, నేలమీది గడ్డిపోచలు పీకుతూ అడిగింది.

"ఆయక్క బాగా మాట్లాడుతాండెనా?"

అతను తలెత్తి చూశాడు. ఎదురుగా దున్ని వదిలేసిన చేల మీదుగా గాలి ఎర్రదుమ్ము లేపుకుంటూ పోతోంది.

"బాగా మాట్లాడుతాండె," అన్నాడు. "నాకంటే బాగా."

భద్రమ్మ గురించి ఆంజినమ్మతో అతను అన్నది జీవితంలో ఆ ఒక్క మాటే. కాసేపటికి పిల్ల లేచి ఏడ్చింది. ఆంజినమ్మ పిల్లను అతని చేతికిచ్చి, నీళ్లు దొరుకుతాయేమో చూద్దామని చెంబు పట్టుకుని రోడ్డు వెంట నడిచింది.