అర ఇంచు ఎక్కువ

"మీ అక్కింట్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ వచ్చిందని మనకు డబుల్ డోర్ గావాల్నా? ఉన్నది ఇద్దరం. అందుల ఏం పెడ్తవ్? నీ అంగీలు పెడ్తవా?"

"అరవకు పూజితా, గోడవతలకు వినబడ్తది."

"వినబడనియ్! నీ సంగతి వాళ్లకు తెల్వదా? ఎదురింటోళ్లు గేటుకు రంగేసిన్రని, మనది కిరాయిల్లన్న సోయి గూడ లేకుండ రంగుడబ్బ పట్టుకొస్తివి!"

గోడకు ఇవతల జబ్బార్ కుట్టుమిషన్ మీద కాళ్లు ఆపేశాడు. కాలర్ సూది కిందే ఉండిపోయింది. పక్కవాటాలో ఉండే మహిధర్‌కూ పూజితకూ పెళ్లయి ఏడాదైనా కాలేదు, వారానికి రెండుసార్లు ఇదే గోల. మునుపైతే జబ్బార్ ఫ్యాన్ జోరు పెంచుకుని పని చేసుకునేవాడు. ఇప్పుడు ఫ్యాన్ ఆపి మరీ వింటున్నాడు. ఆ పిల్ల ఎంత బాగా తిడుతోంది! ఒక్క అక్షరం తడబడటం లేదు. మహిధర్ తలుపు ధడాల్న వేసి బయటికి పోయిన చప్పుడు వినగానే జబ్బార్‌కు వాడి మీద ఒళ్లు మండింది. ఇంకాసేపు నిలబడి తిట్టించుకుంటే వాడి సొమ్మేం పోయింది?

జబ్బార్‌ను తిట్టే మనిషికి మాట పడిపోయి నాలుగు నెలలైంది.

జహీరాబాద్ స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగిన ఒక గల్లీలో జబ్బార్ ఇల్లు. ముందు గదే దుకాణం. వెనక గదికీ దుకాణానికీ మధ్య ఒక పరదా. ఇరవై ఎనిమిదేళ్లుగా పరదాకు అటు షబ్నం, ఇటు జబ్బార్. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, అంచులు మడిచి కుట్టడం ఆమె పని. కొలతలు రాయడం కూడా ఆమెదే. జబ్బార్ గిరాకీ ఒంటిమీద టేపు పెట్టి తెలుగులో అంకె చెప్పేవాడు. ఆమె పరదా వెనక నుంచి అదే అంకెను ఉర్దూలో తిప్పి చెప్పి పుస్తకంలో రాసుకునేది. "ఛాతీ ముప్పై ఎనిమిది" అంటే "అడ్తీస్". "కాలర్ పదహారు" అంటే "సోలా". రెండు నోళ్లలో, రెండు భాషల్లో తిరిగిన అంకె తప్పు పోదని ఆమె లెక్క. నిజంగానే పోలేదు. జబ్బార్ కుట్టిన బట్ట ఇరుకైందని వెనక్కి వచ్చిన మనిషి ఆ గల్లీలో లేడు.

నాలుగు నెలల కిందట ఒక పొద్దున అన్నం వారుస్తూ షబ్నం పడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. కాలు కొంచెం తిరిగొచ్చింది. చెయ్యి వస్తోంది. దవాఖానలో డాక్టరమ్మ జబ్బార్‌ను కూర్చోబెట్టి చెప్పింది: "మాట లోపలనే ఉంది భాయ్. ఆమె యత్నం జేస్తనే బయటికొస్తది. యత్నం మానేసిందంటే ఇంక కష్టం."

షబ్నం యత్నం మానేసింది. మానేయించింది హారూన్.

హారూన్ చెడ్డవాడు కాదు, ఇది ముందే చెప్పాలి. జబ్బార్, హారూన్ ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నారు, ఒకే పళ్లెంలో తిన్నారు. షబ్నం పడిపోయిన పొద్దున ఆమెను చేతుల మీద ఎత్తుకుని ఆటో దాకా ఉరికింది హారూనే. అయితే ఎవరు ఏ మాటన్నా దాన్ని దాటి ఇంకో మాట అనకపోతే అతనికి ఊపిరాడదు. జబ్బార్‌కు నూట ఒకటి జ్వరమొస్తే హారూన్‌కు ఎప్పుడో నూట మూడు వచ్చి ఉంటుంది. జబ్బార్ బిడ్డ ఇల్మాను బీదర్‌లో ఇస్తే, "బీదర్ ఎంత దూరం యార్, నా బిడ్డ గుల్బర్గాల లేదా?" అన్నాడు. చిరాగ్‌పల్లి దగ్గర బండి జారి జబ్బార్ మోకాలు చెక్కుకుపోతే, చూడటానికొచ్చిన హారూన్ పైజామా పైకి లాగి ఇరవై ఏళ్లనాటి మచ్చ చూపించి, టీ తాగి పోయాడు.

ఇలాంటి మనిషితో ఎలా వేగాలో జబ్బార్ చాలా రకాలుగా చూశాడు. ముందే పొగిడి చూశాడు, పొగడ్తను కూడా దాటేశాడు. కష్టాన్ని తగ్గించి చెప్పి చూశాడు, దానికీ పెద్దది ఉండనే ఉంది. చివరికి మంచీ చెడూ రెండూ దాచుకోవడం నేర్చుకున్నాడు. దాచుకున్నవి చెప్పుకోవడానికి పరదా వెనక మనిషి ఉంది కాబట్టి అది పెద్ద కష్టం అనిపించలేదు. హారూన్ అటు పోగానే ఆమె కాజా కుడుతూనే అడిగేది:

"అజీ, ఇయ్యాల ఎన్ని ఇంచులు పెంచిండు?"

"రెండున్నర."

"నిన్నటికంటె నయమే."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు జబ్బార్‌కు కావలసింది పెద్దదేమీ కాదు. పరదా వెనక నుంచి ఒక అంకె. కుదిరితే ఒక తిట్టు.

రెండు నెలల కిందట ఆ ఆశ ఒకసారి దగ్గరిదాకా వచ్చింది. ఇల్మా బీదర్ నుంచి వచ్చి వారం ఉంది. ఒక సాయంత్రం అందరూ కూర్చుని ఉండగా షబ్నం పెదవులు బిగించి, నుదురు చెమట పట్టేదాకా గింజుకుని, "జ... బ్..." అంది. ఇల్మా ఏడ్చేసింది. జబ్బార్ లేవబోయాడు. అప్పుడు హారూన్, మనసారా ధైర్యం చెబుదామనే అనుకుని, మంచం పట్టె మీద చరిచి అన్నాడు:

"ఇదేముంది భాభీ! మా చాచీకి రెండు దిక్కుల పడిపోయింది, రెండు దిక్కుల! ఇరవై దినాలల్ల రేషన్ డీలర్‌తోటి లొల్లి పెట్టుకున్నది. మీరింక జబ్ దగ్గరనే ఉన్నరు!"

షబ్నం అతని వంక చూసింది. తర్వాత మెల్లగా గోడవైపు తిరిగింది. ఆ రోజు నుంచి పెదవి కదపలేదు. ఇల్మా బతిమాలింది, డాక్టరమ్మ కోప్పడింది. లాభం లేకపోయింది.

జబ్బార్ హారూన్‌ను ఏమీ అనలేదు. ఏమన్నా, అంతకంటే పెద్ద మాట తనే పడ్డానని చెబుతాడు. అందుకని పరదాను ఇంకో జానెడు దగ్గరకు లాగి పిన్ను పెట్టాడు. హారూన్ వస్తే దుకాణంలోనే టీ ఇచ్చి, "పండుకున్నది" అని పంపించేవాడు. కొలతలు తీయడం మాత్రం మారలేదు. అంకె పైకి చెప్పేవాడు, చెప్పి ఆగేవాడు. ఆమె తిప్పి చెప్పడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపు ఆగి, అప్పుడు తనే రాసుకునేవాడు. టేపు మీది అంకె ఆనడం లేదేమో, కళ్లద్దాలు మార్చమని కొందరు గిరాకీలు సలహా కూడా ఇచ్చారు.

బుధవారం పదకొండింటికి ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో చెన్నబసప్ప వచ్చాడు. అన్న కూతురి పెళ్లికి తెల్ల అంగీ కుట్టించుకోవాలి. సంచీలోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచాడు.

"జబ్బార్ సాబ్, పోయినేటి కొలతలు పెట్టి కుట్టకు. కడుపు జర పెరిగింది."

"జర అని మీరు అంటున్నరు పటేలా. టేపు ఏమంటదో చూద్దాం."

వెనకే గుమ్మంలోకి హారూన్ వచ్చాడు. "ఇదీ ఒక కడుపేనా పటేలా? పోయిన వారం నా దగ్గరికి కోహీర్ ఆయన వచ్చిండు, యాభై నాలుగు! టేపు సరిపోక రెండు దిక్కులకెంచి కొలిచిన."

"కడుపుల గూడ గెలవనియ్యవా హారూన్ మాస్టర్?" చెన్నబసప్ప నవ్వి చేతులు చాచి నిలబడ్డాడు.

జబ్బార్ ఆపేలోగా హారూన్ బల్ల మీది కొలతల పుస్తకం తీసుకున్నాడు. "ఒక్కనివి తిప్పలు పడుతున్నవ్. నువ్వు చెప్పు, నేను రాస్త." పుస్తకంలో సగం దాకా షబ్నం రాత. దాన్ని లాక్కుందామనుకున్నాడు జబ్బార్. రెండు చేతులా టేపు ఉంది.

"పొడుగు ముప్పై."

"ముప్పైన్నర."

"ముప్పై అన్న."

"కాటన్ గుడ్డ యార్, నీళ్లల్ల పడితే గుంజుకుంటది. నేనైతే అర ఇంచు ఎక్కువనే రాస్త."

పరదా వెనక మంచం కిర్రుమంది. పక్కకు ఒత్తిగిలిందేమో అనుకున్నాడు జబ్బార్.

"భుజం పద్దెనిమిది."

"పద్దెనిమిదిన్నర."

గొంతు సవరించుకున్నట్టు ఏదో చప్పుడు. జబ్బార్ చెయ్యి ఒక క్షణం ఆగింది. మళ్లీ టేపు తిప్పాడు.

"ఛాతీ నలభై."

"నలభై ఒకటి. పెండ్లిల మనిషి ఊపిరి పీల్చుకోవద్దా?"

"చా..."

ముగ్గురూ పరదావైపు తిరిగారు.

"చా... లీస్!"

మాట ముద్దగా వచ్చింది, ఒక వైపు నుంచి జారిపోతూ వచ్చింది. కానీ అందులో కోపం మాత్రం పూర్తిగా ఉంది. గుండీ తప్పు రంగుది తెచ్చినప్పుడు, చారులో ఉప్పు రెండుసార్లు వేసినప్పుడు జబ్బార్ విన్న కోపం అదే. టేపు అతని చేతిలోంచి జారి నేల మీద పడింది.

"యా అల్లా!" హారూన్ కళ్లు పెద్దవయ్యాయి. "విన్నవా యార్! నలభై అన్నది! అరే, మా చాచీ అయితే..."

జబ్బార్ అరచెయ్యి అతని నోటి మీద పడింది. అంత గట్టిగా హారూన్‌ను ముట్టుకుని ఎన్నేళ్లయిందో ఇద్దరికీ గుర్తులేదు.

"నేను చేతులు దించాల్నా, ఇట్లనే ఉండాల్నా?" చెన్నబసప్ప గుసగుసగా అడిగాడు.

"ఉండున్రి పటేలా, జర ఉండున్రి."

ఒక చెయ్యి హారూన్ నోటి మీదే ఉంచి, రెండో చేత్తో టేపు తీసుకుని, చెన్నబసప్ప నడుం చుట్టూ ఎలాగో తిప్పాడు.

"నడుం... నలభై రెండు."

ఆగాడు. పరదా కదల్లేదు. "బయాలీస్" అని రావాలి. రోడ్డు మీద ఎవరో పాత సామాన్లు కొంటామని అరుస్తూ పోయారు. ఆ అరుపు గల్లీ చివరిదాకా పోయి ఆగిపోయింది.

జబ్బార్ అరచెయ్యి తీశాడు. "నువ్వు చెప్పు."

హారూన్ కళ్లు తుడుచుకున్నాడు. పుస్తకం గుండెకు ఆనించుకుని బడిపిల్లాడిలా నిలబడి, చిన్న గొంతుతో అన్నాడు: "నలభై రెండు."

వేరేవాళ్లు చెప్పిన అంకెను ఏమీ కలపకుండా తిరిగి ఇవ్వడం హారూన్ జన్మలో అదే మొదటిసారి కావచ్చు. దానివల్ల ఏ లాభమూ లేకపోయింది. పరదా వెనక చడీచప్పుడు లేదు. ఉంటుందెందుకు? అంకె సరిగ్గానే ఉందిగా. దిద్దడానికేముంది ఆమెకు?

అప్పుడు జబ్బార్‌కు అర్థమైంది. రెండు నెలలుగా తను సరైన అంకె చెప్పి ఎదురుచూస్తున్నాడు.

"ఎక్కువ చెప్పు!"

"ఆఁ?"

"నలభై ఏండ్ల సంది చెప్తనే ఉన్నవ్ గదా! ఇయ్యాల నోట్లె ఏమొచ్చింది? ఎక్కువ చెప్పు!"

"నలభై... నాలుగు."

"నలభై నాలుగా?" చెన్నబసప్ప అదిరిపడ్డాడు. "అంగీ కుడుతున్నరా, గోనెసంచి కుడుతున్నరా?"

"బ..." అంది షబ్నం. మంచం మళ్లీ కిర్రుమంది. "బ... యా..."

మిగిలింది రాలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది, బరువు మోస్తున్నట్టు. హారూన్ పెదవులు కదిలాయి. జబ్బార్ అతని వంక ఒక చూపు చూశాడు. హారూన్ నోరు మూసుకున్నాడు. చెన్నబసప్ప చేతులు గాల్లోనే ఉన్నాయి. ఆ మాటను ఎవరూ పూర్తి చేయలేదు. కాసేపటికి పరదా వెనక ఎడం చెయ్యి మంచం పట్టె మీద గట్టిగా చరిచిన చప్పుడైంది, అక్కడికి ఆ అంకె అయిపోయినట్టు.

చెన్నబసప్ప కాలర్, చేతుల కొలతలు కూడా ఇచ్చి, "శుక్రవారం వస్త, డాక్టరమ్మకు ఇచ్చే ఫీజు నాకూ ఇయ్యున్రి" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. జబ్బార్ పరదా పిన్ను తీసి లోపలికి తొంగిచూశాడు. షబ్నం గోడవైపు లేదు. ఇటువైపే తిరిగి, కళ్లు మూసుకుని, అలసిపోయి పడుకుని ఉంది. నుదుటి మీద చెమట. తిట్టబోయే ముందు ఆమె కనుబొమలు ఎలా ముడిపడేవో అలాగే ముడిపడి ఉన్నాయి. అతను ఆ కనుబొమలనే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

బయటికి వచ్చేసరికి హారూన్ గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. ముఖం వాడిపోయి ఉంది.

"ఆ దినం నేనే గద యార్ ఆమె నోరు మూసింది?" అన్నాడు. ఇలాంటి మాట అతని నోట ఎప్పుడూ రాలేదు. అంతలోనే, అలవాటు ఎక్కడికి పోతుంది, "నా అంత తప్పు ఈ జహీరాబాద్‌ల ఎవ్వడు జేసి ఉండడు" అని కలిపాడు.

జబ్బార్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అతని భుజం పట్టుకుని గుమ్మం దిగి, పరదాకు వినపడనంత దూరం, రోడ్డు అంచుదాకా నడిపించాడు.

"హారూన్, ఒక్కటి అడుగుత, కాదనకు. రేపు గూడ రా. ఎల్లుండి గూడ రా. గిరాకీ లేకుంటె నిన్నే నిలబెట్టి కొలుస్త. నేను చెప్పినదానికి నీ ఇష్టమొచ్చినంత పెంచు, అర ఇంచు పెంచు, గజం పెంచు. ఆమె దిద్దినంక మాత్రం మల్ల నోరు తెరవకు. మీ చాచీ సంగతి, రేషన్ డీలర్ సంగతి, నీకు యాదికొచ్చినయన్ని ఈడ బయట నిలబడి నాకు చెప్పు, పొద్దు గూకేదాక వింట. ఆడ లోపల ఆఖరి మాట ఆమెదే గావాలె. జర ఆమెదే ఉండనియ్ యార్."