వెనక స్పీకర్లు, మధ్య సీటు

మా మామయ్యగారు పోయారు. మిరప కోతలు చివరికొచ్చిన రోజుల్లో, గుంటూరు ఆస్పత్రి నుంచి పొద్దున్నే మా ఆయన ఫోన్ చేసి "నాన్న పోయాడు" అని ఒక్క ముక్క అన్నారు. స్టవ్ ఆపేసి వచ్చి హాల్లో సోఫా మీద కూలబడ్డాను. కూలబడ్డాక గుర్తొచ్చింది, ఆ సోఫాలో నాకు చోటిచ్చింది మామయ్యగారేనని. ఆ సంగతి చెప్పుకోకపోతే నా మనసు ఊరుకోదు.

మాది చీరాల. మా ఇంట్లో టీవీ ముందు మంచం ఎవరు ముందొస్తే వాళ్లది, తర్వాత వచ్చినవాళ్లు దాని మీదే ఇరుక్కుంటారు. పెళ్లయి మార్టూరు దగ్గర ఈ ఊరొచ్చాక ఆ అల్లరంతా బంద్. ఇక్కడ మామగారు హాల్లో ఉంటే కోడలు కూర్చోదు. వంటింటి ద్వారబంధానికి ఆనుకుని నిలబడి సినిమా చూస్తుంది. కూర్చోవద్దని నాతో ఎవరూ అనలేదు. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. కూర కలబెడుతూ సగం సగం చూసిన సినిమాలకు మిగతా కథ నేనే అల్లుకునేదాన్ని. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఇంటికొచ్చిన చుట్టానికైనా కుర్చీ వేస్తారు, నాకు అదీ లేదని అప్పట్లో ఏడుపొచ్చేది.

మామయ్యగారు మిరప రైతు. కంటికంటే చెవిని ఎక్కువ నమ్మేవారు. కల్లంలో కాయ ఎండిందో లేదో తెలియాలంటే ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపేవారు. "గింజ పలకాలమ్మాయ్. రంగు మోసం చేస్తుంది, గింజ చెయ్యదు" అనేవారు. టీవీ కూడా కళ్లు మూసుకునే చూసేవారు. నిద్రపోయారనుకుని ఎవరైనా చానల్ మారిస్తే "ఏరా, నేను వింటన్నాగా!" అని వాలుకుర్చీలోంచి గద్దించేవారు.

అలాంటి ఇంటికి మా ఆయన హోమ్ థియేటర్ తెచ్చారు. మా ఊళ్లో అందరూ చేసే పనే ఆయనా చేశారు. స్పీకర్లన్నిటినీ షోకేసులో టీవీకి అటూ ఇటూ పేర్చి, మధ్యలో ప్లాస్టిక్ పూలు పెట్టారు. మామయ్యగారు ఒక పాట విని మొహం చిట్లించారు.

"సౌండంతా మొహాన కొడతందేంట్రా?"

"వెనక పెడితే వచ్చినోళ్లకి ఏం కనపడతాయి నాన్నా?"

"ఒరేయ్, ఇవి వినడానికి కొన్నావా, చూపించడానికి కొన్నావా?"

మర్నాడు పెట్టెలో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నా చేతికిచ్చి చదివి చెప్పమన్నారు. గడప దగ్గర నిలబడే చదివాను. సరౌండ్ స్పీకర్లు రెండూ కూర్చున్నవాళ్లకు చెరో పక్కన, చెవులకు కాస్త వెనగ్గా, చెవికంటే కొంచెం ఎత్తులో ఉండాలి. మధ్యలో కూర్చున్నవాళ్లకు రెండూ ఒకే దూరంలో ఉండాలి. అంతా విని ఆయన లోపలికెళ్లి పురికొస తెచ్చారు.

"అయితే ముందు ఎవరెక్కడ కూర్చుంటారో తేలాలి. అందరూ మీమీ చోట్లలో కూర్చోండి."

మా ఆయన సోఫాలో ఓ చివర కూర్చున్నారు. అత్తయ్య వంటింటి గడప పక్కన పీట వేసుకున్నారు. మామయ్యగారు పురికొస పట్టుకుని నా వైపు తిరిగారు.

"నీ చోటేదమ్మాయ్?"

"నేనిక్కడే ఉంటాను మామయ్యగారూ."

"నిలబడా? నిలబడ్డోళ్ల చెవి ఎత్తున మేకు కొడితే కూర్చున్నోళ్ల నెత్తిమీంచి పోద్ది. లెక్క కుదరదు. వచ్చి మధ్యలో కూర్చో."

నేను అత్తయ్య వైపు చూశాను. "కోడలు మీ ముందు సోఫాలో కూర్చుంటే వచ్చినోళ్లు ఏమనుకుంటారండీ?" అన్నారు అత్తయ్య.

"స్పీకర్లు బాగా కుదిరినయ్ అనుకుంటారు" అన్నారాయన.

వెళ్లి అంచున కూర్చున్నాను. "వెనక్కి ఆనుకో, కొలత తప్పుద్ది" అని కసిరారు. ఆనుకున్నాను. పత్తి చేలో సాలు తాడు లాగినట్టు నా చెవి దగ్గర నుంచి అటు గోడకూ ఇటు గోడకూ పురికొస లాగి మేకులు కొట్టించారు. ఆ తర్వాత నేనెప్పుడు గడప దగ్గర నిలబడ్డా ఒకటే మాట: "నీ చెవి కొలతకి కొట్టించాం అమ్మాయ్, పోయి కూర్చో." నా మీద జాలితో అన్నారో, నిజంగా స్పీకర్ల లెక్క కోసమే అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఏదైనా ఒకటే. ఆ రోజు నుంచి ఇది నా ఇల్లయింది.

ఆ మొదటి సినిమా మాత్రం పూర్తిగా చూడలేకపోయాం. మిట్టమధ్యాహ్నం, ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు. తెర మీద వాన మొదలైంది, మా చెవుల వెనక నుంచి జల్లు చప్పుడు వచ్చింది. ఆయన ఒక్క ఉదుటున లేచి "ఒరేయ్ వాన! కల్లంలో కాయలు! పట్టాలు లాగండ్రా!" అని కేకలేస్తూ చెప్పులు కూడా లేకుండా వాకిట్లోకి పరిగెత్తారు. వెనకే మా ఆయన. బయట ఎండ మండిపోతోంది. కాళ్లు కాలి తిరిగొచ్చి, మేం నవ్వాలో వద్దో తేల్చుకోకముందే కుర్చీలో వాలి "కుదిరినయ్ రా" అన్నారు.

ఆయన వల్ల కాని పని ఒకటుంది. "ఏమేవ్, నువ్వూ రా" అని ప్రతి సినిమాకీ పిలిచేవారు. "నాకు పీట చాలండీ" అనేవారు అత్తయ్య. ఆస్పత్రికి వెళ్లేదాకా ఆ పిలుపూ మానలేదు, ఆవిడా కదల్లేదు.

ఆయన పోయాక చుట్టాలు ఆవిడను మూల చాప మీద కూర్చోబెట్టారు. పెద్దకర్మ అయి, అందరూ వెళ్లిపోయినా ఆవిడ ఆ మూలే ఉండిపోయారు. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"లేవండి అత్తయ్యా. సోఫాలో కూర్చుందురు గాని."

"అది నీ చోటు కదమ్మాయ్."

"నేను జరుగుతాను."

ఎందుకో కాదనలేదు. వచ్చి మధ్యలో కూర్చున్నారు. టీవీ పెట్టే రోజులు కావవి, హాలంతా నిశ్శబ్దంగా ఉంది. కొంతసేపు కొంగు సర్దుకున్నారు. తర్వాత మెల్లగా కాళ్లు పైకి తీసుకుని బాసింపట్టు వేసుకుని, తలెత్తి పైకి చూశారు.

"ఇక్కడికి ఫ్యాను గాలి ఇంత బాగా తగులుద్దా అమ్మాయ్?" అన్నారు.