చెంప ఆనించండి

గుంటూరు బ్రాడీపేటలో మా ఎదురింటి పిన్నిగారు ఎవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు హాల్లో గోడ చూపించేవారు. "చెంప ఆనించండి" అనేవారు.

ఆ పాత మేడ గోడలకు సున్నంలో గుడ్డుసొన కలిపి పూసి, అద్దంలా నున్నగా తోమారట. అందుకోసం బాపట్ల దాకా ఉన్న కోళ్ళన్నీ రాత్రి డ్యూటీలు చేసి ఉంటాయి! పోస్ట్‌మన్, పెళ్ళిచూపులవాళ్ళు, ఓట్లడగొచ్చిన అభ్యర్థి, అందరూ ఆ చల్లదనానికి చెంప ఆనించి తరించినవారే.

పేటలో మేడలన్నీ కూలి అపార్ట్‌మెంట్లవుతున్న రోజులవి. వాటా ఉన్న మరుదులిద్దరూ సరేనన్నారు. ఇక పిన్నిగారి సంతకమే తరువాయి. మిరపయార్డులో కాయలు వాటంతటవే వేగిపోతున్న ఓ మే నెల మధ్యాహ్నం బిల్డరు దిగాడు. కొంప మునిగిందని నేను చెప్పుల్లేకుండా రోడ్డు దాటి పరిగెత్తాను.

"సంతకానికేం గానీ, ముందు చెంప ఆనించు నాయనా."

"టైము లేదండీ అమ్మగారూ!" అంటూనే ఆనించాడు. తర్వాత రెండో చెంప. తర్వాత చొక్కా విప్పి వీపు. కాసేపటికి గురక!

నేను లేపబోతే, "ఉండవయ్యా, పడుకోనీ" అన్నారు పిన్నిగారు.

సాయంత్రం అతను కళ్ళు నులుముకుంటూ లేచాడు. "ఎండలు తగ్గాక మాట్లాడుకుందాం లెండి" అని వెళ్ళిపోయాడు.

గుంటూరులో ఎండలు తగ్గేదెన్నడు, ఆ ఇల్లు కూలేదెన్నడు!