అమ్మమ్మ ప్రార్థన ఉన్న క్యాసెట్టు

మా చిన్నప్పుడు... మిరపకాయల కల్లంలో తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్య మా అమ్మ టేపురికార్డరు పెట్టేది. మాది బొల్లాపల్లి పక్క పల్లె. ఆ టేపురికార్డరులో మోగేది సినిమా పాటలు కాదు... మా అమ్మమ్మ ప్రార్థన.

క్రిస్మస్‌కి మేనమామ వచ్చినప్పుడు ఆమె చేత చెప్పించి క్యాసెట్టులో పట్టాడు. మిరపకాయ ఎర్రబడే వేళకి అమ్మమ్మ పోయింది. ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టులోనే. మా అందరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెబుతుంటే, ఆడవాళ్లు పని ఆపి తలమీద కొంగు కప్పుకునేవాళ్లు.

ఒకరోజు అమ్మ ఆ క్యాసెట్టును నాపరాయి మీద పెట్టి కాయలు తిరగదోయడానికి వెళ్లింది. మా వైపు ఎండకి నాపరాయంటే కాలిన పెనమే... వచ్చి చూస్తే డబ్బా వంకరపోయి ఉంది. వేస్తే అమ్మమ్మ గొంతు సాగి సాగి, ఎవరో మగమనిషి మూలిగినట్టు వచ్చింది. చివరికి మిషను టేపును కాస్త నమిలి ఆగిపోయింది.

నాకు అప్పట్నుంచే బెంగ ఎక్కువ. "అమ్మమ్మ గొంతు పోయిద్దామ్మా?" అని ఏడ్చాను.

"నోర్ముయ్. పోనిత్తానా?" అంది అమ్మ.

మర్నాడే నరసరావుపేట వెళ్లాం. రేడియోలు బాగుచేసే మస్తాన్ క్యాసెట్టు తిప్పి చూశాడు.

"ఎందుకమ్మా ఈ తిప్పలు? కొత్తది కొనుక్కో."

"కొత్తదాంట్లో మా అమ్మ ఉంటదా అన్నా?"

ఆయన క్యాసెట్టును మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "ఇట్టా అతికించింది కాకుండా, విప్పడానికి మరలున్న క్యాసెట్టు ఇంకోటి ఉంటే, ఈ టేపు తీసి దాంట్లో పెట్టొచ్చు. నలిగిన ముక్క కోసి అతికించాలి. నేను మాత్రం ముట్టను తల్లీ. తెగితే జన్మంతా నన్ను తిట్టుకుంటావు."

"ఎట్టనో చెప్పు. నేనే చేత్తా."

మా ఇంట్లో మరలున్నది మరొక్కటే ఉంది... నాన్న ప్రాణంగా చూసుకునే నాటకం పద్యాల క్యాసెట్టు.

"ఏమే, లోకంలో నా పద్యాలే దొరికినయ్యా నీకు?" అన్నాడు నాన్న.

"మా అమ్మ చేతి కూడు తిన్నావా, లేదా?" అంది అమ్మ, మరలు విప్పుతూనే. నాన్న లేచి అరుగు మీదకు పోయాడు.

అమ్మ చేతులు మజ్జిగతో కడుక్కుంది, సబ్బుతో కడుక్కుంది. అయినా కారం మంట పోలేదు. "టేపుకి అంటుద్ది. నీ చేతులు మంచియ్యే, నువ్వెత్తు" అంది నాతో.

"వణుకుతున్నయ్యమ్మా..."

"వణికితే వణకనీయ్. వదలమాక."

ఊపిరి బిగబట్టి ఎత్తాను... నాన్న క్యాసెట్టు డబ్బాలో పెట్టాను. నలిగిన ముక్కను అమ్మ చూపించిన చోట బ్లేడుతో కోసి అతికించాను. అమ్మ మూత పెట్టి మరలు బిగించింది.

వేశాం. "ప్రభువా..." అమ్మమ్మే! ఆ గొంతే! "నా కూతురు శాంతమ్మను, అల్లుణ్ణి, మనవడు దేవదానాన్ని, మనవరాలు..." టిక్కుమంది. "...నీ చేతుల్లో పెడతన్నా తండ్రీ."

కోసేసిన ముక్కలో పోయింది నా పేరే.

నేను బావురుమన్నాను. అమ్మ టేపు వెనక్కి తిప్పి మళ్లీ వేసింది. టిక్కుమనే చోటు రాగానే తనే "మార్త" అంది.

"ఇనపడిందా? ఇంక ఏడవమాక. ఏసినప్పుడల్లా అంటాలే."

అన్నది కూడా... పొయ్యి దగ్గరున్నా, దొడ్లో ఉన్నా, ఆ చోటు రాగానే అక్కణ్ణుంచే నా పేరు కేకేసేది.

ఇప్పుడా ప్రార్థనను క్యాసెట్టు నుంచి మా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాం. మొన్న అది నత్తలా నడుస్తోందని, మా కోడలు అంతా తుడిచేసి సిస్టం మళ్లీ ఎక్కించింది. "లోపలున్నవి వేరేచోట దాచావా తల్లీ? నిజంగా దాచావా?" అని దాని ప్రాణం తీశాను. "ఒక్కటీ పోలేదు అత్తయ్యా, చూడండి" అని అమ్మమ్మ ప్రార్థన వేసి వినిపించింది. నిజమే, ఏదీ పోలేదు...

మీ ఇళ్లల్లో కూడా పెద్దవాళ్ల గొంతులు ఉండే ఉంటాయి. ఇవాళ ఒకసారి వేసుకుని, ఏమన్నారో నాకూ రాయండి. మాది ఇప్పటికీ అక్కడే టిక్కుమంటుంది... ఆ చోట నన్ను పిలవడానికి అమ్మ లేదు.